వేళ్ళు మాత్రమే నీళ్ళలో

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను ల్యాబులో ఉండగా ఫోను మోగింది. అయిదేళ్ళ కిందట మేము ఖాళీ చేసి వచ్చిన అపార్ట్‌మెంట్ల ఆఫీసు మేనేజరు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ రెండు రోజులుగా తలుపు తీయడం లేదనీ, పోలీసులు వచ్చి తెరిస్తే మంచం మీద నిద్రలోనే పోయి ఉందనీ చెప్పింది. అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్న గడిలో నా పేరూ నంబరూ ఉన్నాయట. మీరు కూతురా అని అడిగింది. కాదన్నాను. మరి ఏమవుతారని అడిగింది. ఫారంలో ఏం రాసి ఉందని నేనే ఎదురడిగాను. సంబంధం అన్న గడిని ఆవిడ ఖాళీగా వదిలేసిందట.

అది ఆవిడ పద్ధతే. ఖచ్చితంగా తెలియని విషయాన్ని కాగితం మీద పెట్టే మనిషి కాదు.

ఖననం చర్చివాళ్ళు చేశారు. ఆవిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేది గానీ అక్కడివాళ్ళ మీద ఆవిడకు పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు. వాళ్ళు తమ పని మర్యాదగా చేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పది రోజులకు మా తెలుగు సంఘంవాళ్ళు సంతాప సభ పెట్టారు. ముందు ఆ సభ సంగతి చెప్పాలి. ఇది రాయాల్సిన అవసరం దానివల్లే వచ్చింది.

ఆవిడ ఫోటో వాళ్ళ దగ్గర ఒక్కటే ఉంది. ఏదో పిక్నిక్‌లో పదిమందితో కలిసి దిగింది. పక్కవాళ్ళను కత్తిరించి తెర మీద పెద్దది చేసి వేశారు. ఒకావిడ మోచెయ్యి మాత్రం ఆవిడ భుజం మీద మిగిలిపోయింది. ముప్పావుగంటసేపు అందరం ఆ మోచేతికి కూడా నివాళి అర్పించాం. అధ్యక్షుడు ఆవిడను ప్రకృతి ప్రేమికురాలన్నాడు. కార్యదర్శి కాగితం చూసి చదువుతూ, పరాయి నీళ్ళలో వేళ్ళూనుకున్న మొక్కలం మనమందరమూ అని గొంతు వణికించాడు. ఆవిడ బతికి ఉంటే ఆ మాట దగ్గర లేచి, కోటు వేసుకుని వెళ్ళిపోయేది. తర్వాత మా ఊళ్ళో పేరున్న గుండె డాక్టరు గారు మైకు అందుకుని, హాస్పిటల్లో తనకు సొంత అక్కలాంటిదన్నాడు. ఆయన భార్య కళ్ళు ఒత్తుకుంటూ, మా ఇంటికి తరచు వచ్చి మా అక్వేరియంలో మొక్కలు చూసుకునేది, అంత సింపుల్ మనిషి అంది. జనం తలలూపారు. సమోసాలు అయిపోగానే హాలు ఖాళీ అయింది.

ఆ ఇంటికి ఆవిడ వెళ్ళింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ నేను అక్కడ ఉన్నాను. నేనేం చేశానో కూడా చెబుతాను.

నేను పెళ్ళయి అమెరికాలో ఈ నేపర్‌విల్ వచ్చింది 2004లో. నా భర్త పొద్దున్నే సిటీలో ఆఫీసుకు వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివాను. ఎమ్మెస్సీలో సీటు వచ్చాక పెళ్ళి కుదిరింది, సీటు వదిలేశాను. మా పై అంతస్తులో ఉన్న జంట కాలిఫోర్నియా వెళ్ళిపోతూ తమ అక్వేరియం మాకు ఇచ్చేశారు. ఇక ఆ గాజు పెట్టె నాకు ఉద్యోగమైంది. చేపలు తెచ్చి వేశాను. రెండు మూడు రోజులకొకటి చచ్చి తేలేది. షాపుకు వెళ్ళి చెబితే ఒక సీసా ఇచ్చేవాళ్ళు. నీళ్ళు తెల్లబడితే ఒక సీసా, పచ్చబడితే ఇంకొకటి, చేప డీలాపడితే మూడోది. నీళ్ళలో నాటమని రెండు మొక్కలు కూడా అంటగట్టారు. అవీ వారం పదిరోజుల్లో మెత్తబడి కుళ్ళిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం చచ్చిన చేపను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని చెత్తడబ్బాల వైపు వెళుతున్నాను. దారిలో లాండ్రీ గది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, నీలం స్వెటరు, అరవై దాటిన మనిషి డ్రయ్యర్లోంచి దుప్పట్లు తీస్తోంది. నా చేతిలో సంచిని చూసి తెలుగులో అడిగింది.

"ఎన్నోది?"

ఏడోదని చెప్పాను. నేను తెలుగుదాన్నని మీకెలా తెలుసు ఆంటీ అని అడిగాను. మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఏడవడం రోజూ వింటున్నానంది. తర్వాత దుప్పటి మడతపెడుతూ, "నేను నీ ఆంటీని కాదు. ముప్ఫై ఏళ్ళు డయాలిసిస్ యూనిట్లో పనిచేశాను. సిస్టర్ అను," అంది.

అలా ఆవిడ నాకు సిస్టర్ అయింది. గుంటూరులో నర్సింగ్ చదివి డెబ్బైల్లో ఈ దేశం వచ్చిందట. పెళ్ళి గురించి ఎవరైనా అడిగితే "అయింది, పోయింది" అని ఊరుకునేది. అంతకు మించి నాకూ తెలియదు. మా ఊళ్ళో డాక్టర్ల కుటుంబాలు ఆవిడను వెనకాల నర్సమ్మ అనేవాళ్ళు. ఆవిడ వాళ్ళను సంతకాలు పెట్టేవాళ్ళు అనేది, ముఖం మీదే.

ఆరోజే నన్ను తన ఇంట్లోకి తీసుకెళ్ళింది. లోపలికి అడుగుపెట్టగానే చేతులు మోచేతుల దాకా కడుక్కోమంది. సబ్బు వాసన పోయేదాకా కడగాలి, చేపలకు సబ్బు విషమంది. ముందు గదిలో మూడు అక్వేరియాలున్నాయి. వాటి అంచుల మీంచి పెద్ద మనీ ప్లాంటు తీగలు పైకి లేచి, కర్టెన్ కడ్డీకి చుట్టుకుని, గది అవతలి గోడదాకా పాకాయి. మధ్య ట్యాంకు అంచున ప్లాస్టిక్ బుట్టల్లో రెండు పీస్ లిలీలు తెల్లపూలతో ఉన్నాయి. అన్నీ ఇళ్ళలో కుండీల్లో పెంచే మామూలు మొక్కలే. కుండీలు లేవు, మట్టి లేదు. ఆకులన్నీ గాలిలో, వేళ్ళు మాత్రం నీళ్ళలో. ఆ వేళ్ళ మధ్య చేపలు తిరుగుతున్నాయి. ప్రతి మొక్క దగ్గరా గాజుకు అతికించిన టేపు ముక్క మీద అది నీళ్ళలోకి వచ్చిన తేదీ రాసి ఉంది. చేపలకు పేర్లు లేవు. పేషెంటుకు పేరుంటుంది, చేపకెందుకు అనేది.

తర్వాత మా ఇంటికి వచ్చి నా సీసాలన్నీ ఒక్కొక్కటే తీసి లేబుల్ మొత్తం చదివింది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీసే సీసా ఒక్కటి మాత్రం నా చేతిలో పెట్టి, మిగిలినవి చెత్తబుట్టలో వేసింది. ఒక్కొక్కటి పడేసేటప్పుడు ఆవిడ ముఖంలో కనిపించిన ఏవగింపు ఇప్పటికీ గుర్తుంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా సిస్టర్, చేపలెందుకు చస్తున్నాయని అడిగాను.

"తేటగా ఉంటే మంచివని ఎవరు చెప్పారు? మా యూనిట్‌కొచ్చే పేషెంట్లు కూడా చూడ్డానికి శుభ్రంగానే ఉండేవాళ్ళు. రక్తంలో ఏముందో చూస్తే తెలిసేది."

కుర్చీ లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పింది. చేప వదిలేది అమ్మోనియా. కొత్త ట్యాంకులో దాన్ని తినే సూక్ష్మజీవులుండవు. అవి పుట్టి పెరగడానికి వారాలు పడుతుంది. అవి అమ్మోనియాను ఇంకోటిగా, దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటు నీళ్ళలోనే పేరుకుంటుంది. ఫిల్టరు చెత్తను పడుతుంది గానీ దాన్ని పట్టదు. మొక్కలకు మాత్రం అది తిండి. ఆకులు గాలిలో ఉన్న మొక్క నీళ్ళలో మునిగి ఉండే మొక్క కంటే త్వరగా పెరుగుతుంది కాబట్టి ఎక్కువ తింటుంది. ఇదంతా నా బీఎస్సీ పుస్తకాల్లో ఉంది. పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మాట ఆవిడతో అంటే, అయితే ఏడు చేపల్ని తెలిసే చంపావన్నమాట అంది.

ఆ శీతాకాలమంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. కుండీలోంచి తీసిన మొక్క వేళ్ళకు మట్టి నలుసు కూడా మిగలకుండా ఏడెనిమిది నీళ్ళలో కడగాలి. మొక్క మొదలు నీటికి పైన ఉండాలి. మొదలు మునిగితే మొక్క కుళ్ళుతుంది, దానితో నీళ్ళు కుళ్ళుతాయి. మట్టిలో పెరిగిన వేళ్ళు కొన్ని నీళ్ళలో చస్తాయి, వాటి బదులు తెల్లగా కొత్తవి వస్తాయి. ఆ రెండు వారాలూ మొక్క వాడిపోయినట్టుంటుంది. ఆ సమయంలో దాన్ని కదపకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైన పని. షాపులవాళ్ళు నేలమీది మొక్కలనే నీటిమొక్కలని పేరుపెట్టి, ట్యాంకులో ముంచి అమ్ముతారు. ఆవిడకు అన్నిటికంటే అసహ్యం అదే. అలాంటి షాపుకు నాతో ఒకసారి వచ్చింది. మునిగి ఉన్న పీస్ లిలీని చూసి, అక్కడున్న అమ్మకందారును పిలిచి, నీ తల ఎన్ని నిమిషాలు నీళ్ళలో ఉంచగలవని ఇంగ్లీషులో నిదానంగా అడిగింది. ఆ షాపుకు మళ్ళీ వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇవన్నీ ప్రేమతో చేసింది అనుకోకండి. మొక్కలంటే మీకు చాలా ఇష్టం కదా అని నేనోసారి అంటే, "ఇష్టమేముంది. పనిచేస్తాయి, ఉంచుకున్నాను. పనిచెయ్యనిదాన్ని కత్తిరించి పారేస్తాను," అంది. నా వైపు చూసే అంది.

నాలుగు నెలలకు నా అక్వేరియంలో చేపలు చావడం మానేశాయి. మనీ ప్లాంటు కిటికీ దాకా పాకింది. మా ఇంటికి వచ్చినవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. అక్కడినుంచే నా బుద్ధి వంకర తిరిగింది.

ఆ గుండె డాక్టరు గారి భార్య ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరి ద్వారానో విని నన్ను పలకరించింది. వాళ్ళ ఇల్లు మా ఊళ్ళో అందరికీ తెలుసు. హాల్లో గోడంత అక్వేరియం, అందులో పళ్ళెంలా గుండ్రంగా ఉండే డిస్కస్ చేపలు. ఒక కంపెనీ మనిషి నెలనెలా వచ్చి శుభ్రం చేసేవాడు. అయినా చేపలు నీరసంగా ఉంటున్నాయని చెప్పి, నీకు తెలిసిన పద్ధతి మా ఇంట్లో కూడా పెడతావా అని అడిగింది. ఆ ఇంటి ఆడవాళ్ళ గుంపులో చోటు కోసం నాలాంటి అపార్ట్‌మెంట్ వాళ్ళు ఎంతగా వెంపర్లాడేవాళ్ళో తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతుంది. వాళ్ళ మాటలు చీరల అంచుల దగ్గర మొదలై పిల్లల ర్యాంకుల దగ్గర ముగిసేవి. ఆ మాటలు వినే అర్హత కోసం నేను మూడేళ్ళు ఎదురుచూశాను.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని ఆవిడ అడిగింది. నేను నోరు తెరిచేలోగానే, మీ అపార్ట్‌మెంట్స్‌లో ఆ నర్సమ్మ ఉంటుంది కదా, ఆవిడ కూడా ఏవో చేపలు పెంచుతుందట, అని నవ్వింది. ఆ నవ్వు విని నేను నా జవాబు మార్చుకున్నాను. ఎమ్మెస్సీ బోటనీ చేశాను ఆంటీ, అన్నాను.

సిస్టర్ దగ్గర తీగ కొమ్మలు, పీస్ లిలీ పిలకలు అడిగి తీసుకున్నాను. ఎవరికని ఆవిడ అడగలేదు. డాక్టరు గారి ఇంట్లో మూడు రోజులు పనిచేశాను. మొదట అంతా సరిగ్గానే పెట్టాను. అయితే అంచుల మీద బుట్టలు, పైన వేలాడే తీగలు ఆ ఇల్లాలికి నచ్చలేదు. చూడ్డానికి వంటింట్లో కూరగాయల్లా ఉన్నాయనీ, మొక్కలన్నీ లోపలే, నీళ్ళలోనే ఉంటే నేచురల్‌గా ఉంటుందనీ అంది. కుదరదని నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది. సరే ఆంటీ అని, ఎనిమిది పీస్ లిలీలను బుట్టల్లోంచి తీసి గులకరాళ్ళలో, నిలువునా నీళ్ళలో ముంచి నాటాను.

ఆ వారాంతంలోనే ఆ ఇంట్లో సంఘంవాళ్ళ దీపావళి భోజనాలు. అందరినీ పిలిచారు, లెక్క ప్రకారం సిస్టర్‌నూ పిలిచారు. ఆవిడ పులిహోర గిన్నె పట్టుకుని వచ్చింది. అక్వేరియం ముందు గుంపు ఉంది. ఇంటావిడ నా భుజం మీద చెయ్యి వేసి, ఇదంతా మన అమ్మాయి రీసెర్చి అని అందరికీ చెబుతోంది. సిస్టర్ గుంపు వెనకాల నిలబడి వింది. తర్వాత ముందుకు వచ్చి గాజుకు దగ్గరగా వంగి చూసింది. ఆ మొక్కలు ఎక్కడివో ఆవిడకు ఆకు చూడగానే తెలిసి ఉంటుంది.

"ఇవి నేల మొక్కలు. ఎవరు ముంచారు వీటిని?"

ఇంటావిడ నవ్వి, ఆ అమ్మాయిని అడగండి, ఎమ్మెస్సీ బోటనీ అంది. మీకిద్దరికీ పరిచయమా అని కూడా అడిగింది. అందరూ నా వైపు చూశారు. లాండ్రీ గదిలో కనిపిస్తుంటారని చెప్పాను. తర్వాత సిస్టర్ వైపు తిరిగి, "ఇలా కూడా పెంచొచ్చు ఆంటీ," అన్నాను.

మూడేళ్ళలో ఆవిడను నేను ఆ మాటతో పిలవడం అది రెండోసారి.  ఆవిడ పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత డాక్టరు గారి భార్య ఫోన్ చేసింది. లిలీలు మెత్తబడి నల్లబడ్డాయట, నీళ్ళు కంపు కొడుతున్నాయట, చేపలు పోతున్నాయట. ఈసారి మన అమ్మాయీ లేదు, రీసెర్చీ లేదు. వచ్చి నువ్వు చేసింది నువ్వే బాగుచేసి వెళ్ళమంది. నేను వెళ్ళి చూశాను. ఆ స్థాయిలో ఏం చెయ్యాలో నాకు చేతకాలేదు. తిరిగివచ్చి సిస్టర్ తలుపు కొట్టాను. ఆ మూడు వారాల్లో ఆవిడ మెట్ల మీద ఎదురైనా నన్ను చూడలేదు, నేనూ తల వంచుకునే పోయాను.

తలుపు సగమే తెరిచింది. ఎన్ని పోయాయని అడిగింది. ఆరని చెప్పాను. మిగిలినవెన్ని అంది. తొమ్మిది. లోపలికి వెళ్ళి బకెట్లు, పైపు, పరీక్ష చేసే చుక్కల మందు సంచిలో వేసుకుని వచ్చి నా కారెక్కింది. 

డాక్టరు గారి ఇంటావిడ తలుపు తీసి సిస్టర్‌నూ బకెట్లనూ చూసి, కార్పెట్ తడుస్తుంది, గరాజ్ వైపు నుంచి రండి అంది. నేను ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. సిస్టర్ ఇల్లు చుట్టి గరాజ్‌లోంచి వచ్చింది. నేనూ ఆవిడతో గరాజ్ వైపు నడవాలన్న ఆలోచన నాకు రాలేదు. ఇది రాయడానికే అన్నిటికంటే కష్టంగా ఉంది.

నాలుగు గంటలు పనిచేసింది. స్వెటరు తీసేసి, చేతులు కడుక్కుని, భుజం దాకా నీళ్ళలో పెట్టి కుళ్ళిన లిలీలను వేళ్ళతో సహా పీకింది. మూడో వంతు నీళ్ళు తీసి, కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీసి, వేడి సరిచూసి, కొద్దికొద్దిగా పోయించింది. గంట ఆగి మళ్ళీ పరీక్ష చేసి మళ్ళీ తీసింది. మధ్యలో డాక్టరు గారు ఫోన్లో మాట్లాడుకుంటూ హాల్లోకి వచ్చాడు. నేలమీద మోకాళ్ళ మీద ఉన్న సిస్టర్‌ను తప్పించుకుని, నా వైపు చూసి తల ఊపి, పైకి వెళ్ళిపోయాడు. చివర్లో ఇంటావిడ ఒక ప్లాస్టిక్ డబ్బాలో మిగిలిన కూర పెట్టి తెచ్చి, నెలకోసారి వచ్చి చూసి వెళ్ళండి, కంపెనీవాణ్ణి మానిపించేస్తాం అంది. సిస్టర్ చేతులు తుడుచుకుంటూ, "చేపల్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఈ ఇంట్లో బతకవు," అంది. ఇంటావిడ అది జోకనుకుని నవ్వింది. డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

కారు వాళ్ళ వీధి దాటాక సిస్టర్ మాట్లాడింది. ఆ డాక్టరు పదకొండేళ్ళు ఒకే హాస్పిటల్లో తనతో పనిచేశాడనీ, ఆయన రాసిన ఆర్డర్లలో తప్పులుంటే తనే ఫోన్ చేసి సరిచేయించేదనీ చెప్పింది. ఇవాళ గుర్తుపట్టలేదా అని అడిగాను. అప్పుడూ చూడలేదు కదా, గుర్తుపట్టడానికి, అంది. గొంతులో బాధలాంటిదేమీ లేదు. షాపులో ఆ మునిగిన మొక్కను చూసినప్పటి గొంతే అది.

నాకు ఏడుపు వచ్చింది. క్షమించండి సిస్టర్ అన్నాను.

"క్షమించానని అనుకోకు. చేపలేం అబద్ధం చెప్పలేదు కాబట్టి వచ్చాను." సంచిలోంచి చుక్కల మందు సీసా తీసి మూత బిగించింది. "ఎమ్మెస్సీ చేశానని చెప్పావటగా వాళ్ళతో. చెయ్యి మరి."

వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు కదా అని గొణిగాను. చదువుకోకూడదని ఎవరన్నారని అడిగింది. భర్త వీసా మీద వచ్చావు సరే, మెదడు కూడా ఆయన వీసా మీదే వచ్చిందా అంది. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. వారం తర్వాత కమ్యూనిటీ కాలేజీలో నీటి శుద్ధి కోర్సు ఉన్న కాగితం మా తలుపు సందులోంచి లోపలికి వచ్చి పడింది. పేజీ మీద ఏమీ రాయలేదు. ఆఖరి తేదీ కింద మాత్రం గీత గీసి ఉంది.

చేరాను. రెండేళ్ళు చదివాను. ఆవిడ ప్రతి శనివారం తన ట్యాంకుల దగ్గర నన్ను నిలబెట్టి ప్రశ్నలు వేసేది. జవాబు తప్పితే సరైనది చెప్పేది కాదు, పుస్తకం చూసుకుని వచ్చే వారం రమ్మనేది. నేను మధ్యలో ఒకసారి మానేస్తానన్నాను. కెమిస్ట్రీ లెక్కలు తలకెక్కడం లేదన్నాను. అభ్యంతరం చెప్పలేదు. డాక్టరు గారి భార్యకు ఇంకో స్నేహితురాలు దొరుకుతుందిలే అంది. మర్నాడు క్లాసుకు వెళ్ళాను.

సర్టిఫికెట్ తెచ్చి చూపించినరోజు కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివింది. "ఇది ఎమ్మెస్సీ కాదు," అంది. అని లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుల్లో రెండు కాఫీలు తెచ్చింది. అన్నేళ్ళలో నేను అడక్కుండా ఆవిడ నాకు కాఫీ ఇచ్చింది అదే మొదటిసారి.

గ్రీన్ కార్డు వచ్చాక పక్క ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో, ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మా తెలుగువాళ్ళ పార్టీల్లో ఆ సంగతి చెబితే వెంటనే ఎవరో ఒకరు మాట మారుస్తారు. వాళ్ళ ఇళ్ళలోంచి వచ్చేదంతా రోజూ నా టేబుల్ మీదకే వస్తుందని వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది గానీ చెప్పను. సిస్టర్‌తో చెబితే మాత్రం ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వగా చూసింది నేను రెండు మూడుసార్లే.

పోయిన అక్టోబరులో ఆవిడ మొక్కల వేళ్ళు కత్తిరించడానికి సాయం చేస్తూ అడిగాను, ఆరేళ్ళయింది, ఇప్పటికైనా నన్ను క్షమించారా అని. ఆవిడ కత్తెర ఆపకుండానే, "క్షమిస్తే నువ్వు మర్చిపోతావు," అంది. కత్తిరించిన ముక్కలు బుట్టలో వెయ్యమంది.

సభలో నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడిగినా అక్కడ ఇవన్నీ చెప్పేదాన్ని కాదేమో. నా పిరికితనం పూర్తిగా పోయిందని నేను అనుకోవడం లేదు. వాళ్ళను చూసి నాకు కలిగిన అసహ్యంలో సగం, ఆ అక్వేరియం ముందు నిలబడ్డ నన్ను చూసుకుని కలిగిందే. ఆవిడ నాకిచ్చింది వాత్సల్యమని ఎవరైనా రాస్తే అది అబద్ధం. ఆవిడ నన్ను చులకనగా చూసింది, అందుకు తగిన కారణం ఉండి చూసింది. ఆ చులకనకు కృతజ్ఞురాలిని.

కాపెల్ అనే ఊళ్ళో ఉన్న సిస్టర్ మేనకోడలు ఫోన్లో, సామాను దానం చేసి చేపల్ని ఏదైనా షాపుకు ఇచ్చెయ్యమంది. శనివారం వెళ్ళాను. తీగను కత్తిరిస్తే పది నిమిషాల పని. నాకు చెయ్యి రాలేదు. కుర్చీ ఎక్కి కడ్డీ నుంచి మెలిక మెలికగా విప్పి గదంతా పరిచాను. కింద వేళ్ళ గుత్తిని రెండు చేతులతో పైకి ఎత్తబోతే లోపల ఏదో మెరిసింది. వడ్లగింజంత చేపపిల్లలు. ఎన్నో చెప్పలేను, ఎప్పుడు పుట్టాయో ఆవిడకైనా తెలుసో లేదో. గుత్తిని అలాగే నీళ్ళతో సహా బకెట్లోకి దించాను.

బయట చలి ఎముకలు కొరుకుతోంది. షాపుకు కాదు, మా ఇంటికే బయల్దేరాను. కారులో హీటరు పూర్తిగా పెట్టాను. వెనక సీటు నిండా బకెట్లు, ఒక్కోదానికి సీటు బెల్టు. తీగ వాటి మీంచి లేచి నా సీటు భుజం మీదకు వచ్చి, తడి ఆకు ఒకటి మెడకు తగులుతోంది. బకెట్లలోంచి లేచిన ఆవిరికి అద్దాలన్నీ మసకబారాయి. ఊరి మధ్య రైల్వే గేటు దగ్గర ఎర్రలైటు పడింది. కారు ఆపి, అరచేత్తో అద్దం మీద చిన్న గుండ్రం తుడిచి చూశాను. గూడ్సు బండి, పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తరగలేదు. అది పోయినంతసేపూ నేల అదురుతూ, వెనక బకెట్లలో నీళ్ళు సన్నగా వణుకుతూనే ఉన్నాయి.